వెనిగర్‌కు పారిపోయిన చక్రవర్తి

అధ్యక్షురాలు, మన మ్యూజియం డైరెక్టర్ లవీనియా గారికి, పెద్దలకు, పొలంలో దొరికిన నాణేలను మనకు తెచ్చి ఇచ్చే టైబర్ నది లోయ రైతులకు, వాళ్లలో మూడో వరసలో కూర్చున్న మా నాన్నకు నమస్కారం.

మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు లేదు. కానీ డైరెక్టర్ గారు ఇప్పుడే చదివిన సన్మానపత్రంలో, ముప్ఫై ఒక్క ఏళ్లలో, ఇవాళ రిటైరవుతున్న మన ఒట్టొరీనో మాస్టారి చేతిలో పాడైన నాణెం ఒక్కటే అని ఉంది. ఆ ఒక్కటీ పాడుచేసింది నేను. ఆయన వెళ్లిపోయేలోపు చెప్పాలి కాబట్టి లేచాను.

అప్పటికి నేను ఇక్కడ ఉద్యోగంలో చేరి రెండు వారాలు. మా ఇంట్లో చదువుకున్న మొదటిదాన్ని, అన్నీ తెలుసనే ధీమా. మాస్టారేమో కంచు నాణేలను నెలల తరబడి ఆలివ్ నూనెలో నానబెట్టి, గులాబీ ముల్లుతో మట్టి తీస్తూ, వాటి మీది రోమన్ చక్రవర్తులను చుట్టాల్లా పరిచయం చేసేవారు. బుగ్గలు మెడ మీదికి జారితే నీరో, ఒత్తుగా గడ్డముంటే హేడ్రియన్, ఎండలో నిలబెట్టినట్టు నుదురు ముడుచుకుంటే వెస్పాసియన్, అచ్చం మీ నాన్న అనేవారు. (నవ్వులు) కోపం తెచ్చుకోకు నాన్నా.

నెలలు ఆగే ఓపిక నాకేదీ? మా నానమ్మ రాగి గిన్నెలు తోమినట్టు ఒక వెస్పాసియన్‌ను వెనిగర్, ఉప్పు వేసి తోమేశాను. నాణెం తళతళలాడింది. ఆకుపచ్చ పొరతోపాటు ముక్కు, నుదురు, పేరు అన్నీ పోయాయి. నన్ను ఉద్యోగంలో ఉంచాలో పంపాలో ఆ నెలాఖరుకే తేలాలి. మాస్టారు దాన్ని కిటికీ దగ్గర చాలాసేపు చూశారు.

"బాగా మెరుస్తోందమ్మాయ్. చక్రవర్తి మాత్రం పారిపోయాడు."

తర్వాత ఆ నాణెం వివరాలు రాసే కార్డు మీద, శుభ్రం చేసినవారు అన్నచోట, తన పేరు రాసేశారు. నేను వద్దంటే, "ముసలాణ్ణి ఎవరూ పంపించరులే. ముల్లు పట్టుకో," అన్నారు. ఆరేళ్లయింది.

(వేదిక మీంచి మాస్టారు: "ఇక కూర్చో తల్లీ, అవతల పాస్తా చల్లారిపోతోంది." నవ్వులు)

కూర్చుంటాను మాస్టారూ, ఒక్క నిమిషం. నిరుడు మా నాన్న నాగలికి తగిలిన నాణెం ఎనిమిది నెలలు నూనెలో ఉంది. మొన్న మంగళవారం ముల్లు కింద ముందుగా నుదురు వచ్చింది. వెస్పాసియనే, ముడతలతో సహా. అదిగో, మీ ముందున్న పళ్లెంలో ఉంది. ఆ ఓపిక మీరు పెట్టిన భిక్ష, మీకు నా కృతజ్ఞతలు.

డైరెక్టర్ గారూ, పాత కార్డు మీద ఆయన పేరు కొట్టేయండి. తోమి పోగొట్టిన వెస్పాసియన్ కార్డు మీదా, ఆగి తెచ్చుకున్న వెస్పాసియన్ కార్డు మీదా నా పేరే ఉండాలి. మాస్టారు ఇరవయ్యో తారీఖున రైలెక్కుతున్నారు. పద్దెనిమిదిలోపు మీ జవాబు కాగితం మీద ఇప్పించండి, స్టేషన్‌లో ఆయన జేబులో నేనే పెడతాను. సెలవు.