తెర మీద ఆకుపచ్చ చుక్క

సౌదీలోని దమ్మామ్‌లో ఒక కంప్యూటర్ దుకాణం. కౌంటర్ వెనక కడప జిల్లా ఖాదర్. ముందు, నిన్న కొన్న మానిటర్‌ను వాపసు తెచ్చిన ఏసీ మెకానిక్ భూమేష్. అతని వెంట పెట్టె మోసుకొచ్చిన రూమ్‌మేట్ హన్మాండ్లు. భూమేష్ కోపం నషాళానికి అంటి చాలాసేపైంది.

“చుక్కే గదా అంటవేంది ఖాదర్ భాయ్? నీ కంట్ల నలుసు పడితే నలుసే గదా అని ఊకుంటవా?”

“అరవాకన్నా, గిరాకీలుండారు. మళ్లా చెప్తాండా. ఇది ఒక్క పిక్సెలు. లక్షల్లో ఒకటి. ఐదుకు తక్కువుంటే కంపెనీ లెక్కలో అది ఖరాబే కాదు.”

“ఖరాబు కాదా? హన్మాండ్లూ, పెట్టు మల్లొకసారి. తెర మొత్తం ఎర్రగ చెయ్యి. ఆఁ, ఇగో! నడి మధ్యల, ఆకుపచ్చగ! కనబడుతుందా, లేదా?”

“కనపడుతాంది లేన్నా.”

“కనబడుతుంటే ఖరాబు కాదంటవేంది? కంపెనోనికి కండ్లు లేవా?”

“కాకా, జర నెమ్మది. పొద్దుగాల బీపీ గోలి గూడ ఏసుకోలే నువ్వు.”

“నువ్వు నోరు మూసుకొని తెర పట్టుకో హన్మాండ్లూ!”

“అన్నా, నిన్న నేనేమంటి? ఈడనే పెట్టె ఇప్పి, ఆన్ చేసి చూపిస్తా అంటి. నువ్వేమంటివి? కొత్త సామాను, నా చేతుల్తోనే ఇప్పాల అంటివి.”

“కొత్త సామాను దుకాణంల ఇప్పుతరా? దీపం లేకుండ, బొట్టు లేకుండ?”

“బొట్టా? అదా ఈ మూలన పసుపు! అన్నా, మానిటరుకు బొట్టు పెట్టినావా?”

“పెట్టిన. అయితేంది?”

“సందులోకి పోయిండాది కుంకుమ. ఇట్ల తెస్తే వాడిన సామానంటాడు మా మేనేజరు, ముదీరు. మార్చేది అట్లుండనీ, చేత్తో ముట్టుకోడు.”

“తుడుస్త! నా అంగితోని తుడుస్త! గంతేనా?”

“రుద్దాకన్నా, రుద్దాకు! గీతలు పడతాయి. నా మాటిను. రంగులు గబగబా మారే వీడియో ఒకటుంటాది. ఒక దినమంతా ఆడించు. ఒక్కోసారి చుక్క దానంతటదే పోతాది.”

“దినమంతనా? రేపు పొద్దుగాల నా బిడ్డ లగ్గం!”

“ఏందీ?”

“అవు భాయ్, కాక బిడ్డ సంధ్య లగ్గం. మెట్‌పల్లిల. లైవ్ వస్తది. క్యాంపుల అందరం కూసోని చూద్దామని కొన్నడు ఇది.”

“ఫోన్ల చూస్తే నా బిడ్డ మొకం గోరంత కనబడ్తది ఖాదర్ భాయ్. ఈసారన్న పెద్దగ చూద్దామంటే, నువ్వు పెండ్లిపిల్ల చీర మీద ఆకుపచ్చ పురుగును కూసోవెడ్తివి. తాళి కట్టే యాళ్లకు నేను దేన్ని చూడాలె, బిడ్డనా, పురుగునా?”

“నాకు తెల్దు గదన్నా. ఆ మాట ముందే చెప్పొచ్చు గదా. సరే, ఆ షోకు పెట్టిన పీసు చూడు. దాంట్లో ఒక్క చుక్క లేదు. ముదీరు వచ్చేలోపల ఇచ్చేస్తా, తీసుకోని పో.”

“షోకు పెట్టిందా? దారినపోయేటోడల్లా వేలు పెట్టిందా? నా బిడ్డ లగ్గానికి ఎంగిలి తెర ఇస్తవా?”

“ఇదెక్కడి మనిషప్పా! అది ఇస్తే వద్దంటావు, రూలు చెప్తే అరుస్తావు. నీకు నేను దొరికినాను గాని, ఈ కోపం నా మీది కోపం మాదిరి లేదన్నా. అవునూ, కూతురి పెళ్లి పెట్టుకోని నువ్వీడేం చేస్తాండావు?”

“చుట్టీ దొరకలే.”

“కొలువిచ్చిన కఫీల్ పంపలే భాయ్. ఎండకాలం ఏసీ మెకానిక్‌ను ఇడిసిపెట్టడంట. వాని నోట్ల మన్ను వడ!”

“హన్మాండ్లూ, ఊకో.”

“ఎందుకూకోవాలె కాకా? కన్నబిడ్డ లగ్గానికి పంపనోడు మనిషా వాడు?”

“ఏ కంపెనీ మీది? చొక్కా మీద పేరు చూడనీ. ఓహో, ఇదా! మీ కాగితాల పని చూసే మందూబ్, అబ్దుల్ ఘనీ భాయ్, నాకు బాగా కావాల్సినోడు. మీ ఆఫీసు కంప్యూటర్లన్నీ మా కాడే కొంటాడు. రాత్రికి హైదరాబాదు ఫ్లైటు ఉంటాది. ఉండన్నా, పోయి వచ్చే రీ-ఎంట్రీ వీసా సంగతి ఒక మాటడుగుతా.”

“వద్దు.”

“అడిగితే ఏం పోతాది?”

“వద్దంటున్న గద! నువ్వు మానిటర్ ముచ్చట తేల్చు!”

“చెయ్యి భాయ్, చెయ్యి. కాకకు మొహమాటం.”

“ఖాదర్ భాయ్, ఫోను పెట్టు. నీకు దండం పెడ్త, పెట్టు! ఆ షోకు పీసే ఇయ్యి, కొంచపోత!”

“సలామలైకుం ఘనీ భాయ్... మీ ఏసీ మెకానిక్, భూమేష్... హా, వహీ... క్యా? ... కబ్? ... అచ్ఛా. నై నై, కుచ్ నై. షుక్రియా.”

“ఏమన్నడు భాయ్? ఇస్తమన్నడా? చెప్పవేంది?”

“పోయిన నెలలోనే రీ-ఎంట్రీ కొట్టినారంట. టికెట్టు గూడా కఫీలే తీపిచ్చినాడంట. ఈయనే పోయి, నాకొద్దు అని వాపసిచ్చి వచ్చినాడంట.”

“కాకా!”

“రూముకు పోదాం పా హన్మాండ్లూ.”

“ఏడికి పోయేది? నెల సంది ఆ కఫీల్‌ను నోటికొచ్చినట్టు తిడుతున్న! పక్కన కూసోని అన్నం తినుకుంట ఇన్నవు గద! ఇంట్ల గూడ గీ అబద్ధమే చెప్పినవా?”

“చెప్పిన.”

“ఏం పుట్టింది నీకు?”

“అడగకు.”

“అడుగుత! కన్నతండ్రివి! పీట మీద నువ్వు కూసోవాలె, పెండ్లికొడుకు కాళ్లు నువ్వు కడగాలె! నువ్వుండంగ ఇంకెవలు కడుగుతరు?”

“గదే! నేనుంటే ఇంకెవలు కడగరు. నేను లేకుంటే మా తమ్ముడు కడుగుతడు. సంధ్యకు జ్వరమొస్తే ఎత్తుకొని దవాఖానకు ఉరికింది వాడు. సైకిల్ నేర్పింది వాడు. ఇంటర్ ఫెయిలై అన్నం తినకుంటే పక్కన కూసోని తినవెట్టింది వాడు. నేనేం జేసిన? ఊరోళ్ల ఏసీలు బాగుజేసిన!”

“అట్లని నీ బిడ్డ నిన్ను రావద్దన్నదా?”

“నా బిడ్డను ఒక్క మాటంటే పండ్లు రాలగొడ్త! రా బాపు, రా బాపు అనే ఏడ్చింది ఫోన్ల.”

“మరి పోకుండా ఎందుకుండిపోతివన్నా?”

“ఏడ్చి, ఫోను బందు చేసుడు మరిచింది ఖాదర్ భాయ్. వాళ్లమ్మతోటి అంటుంటే ఇన్న. ‘బాపు వస్తే, పీట మీదికెల్లి చిన్నబాపు లేవాలె గదనే అమ్మా’ అన్నది.”