'ఎవరు చెప్పారు' అనే గడి

సభ నడుపుతున్న మా డైరెక్టరు గ్రేటా హోల్ట్ గారికి, ముందు వరసలో కోటు గుండీలు విప్పుకుని హాయిగా కూర్చున్న పాత ఇంజనీర్లకు, బర్నీ రేవు సిబ్బందికి, వెనక బల్లల దగ్గర సాసేజ్ రోల్స్ మీద ఒక కన్నూ నా మీద ఒక కన్నూ వేసి నిలబడ్డ మిత్రులకు నమస్కారం. గ్రేటా నాకు పది నిమిషాలు ఇచ్చారు. ఇరవై నాలుగేళ్ళు మీ అందరి పనులకూ గడువులు పెట్టినదాన్ని, నా గడువు నేనే దాటితే బాగుండదు. అయినా దాటుతాను. (నవ్వులు) ఎందుకంటే నా చేతిలో ఈ కవరు ఉంది, ఇందులో ఒక కాగితం ఉంది, అది మీ అందరి ముందూ చదవకుండా ఈ మైకు వదలను.

కొత్తగా చేరినవాళ్ళకు చెబుతున్నాను, నా పేరు ఐలీన్ ట్రెంబాత్. ఆ పేరుతో ఇక్కడ నన్నెవరూ పిలవలేదనుకోండి. అందరికీ నేను 'పుస్తకాన్ని'. ప్రాజెక్టులు ఎలా నడపాలో చెప్పే ప్రమాణాల పుస్తకం నాలుగైదేళ్ళకోసారి కొత్త ఎడిషన్ వేసుకుంటుంది కదా, అది రాగానే పడవలు ఆగే జెట్టీలు కట్టే మన ఆఫీసులో ఉన్న ఫారాలన్నీ దానికి తగ్గట్టు తిరగరాయడం, మిమ్మల్నందరినీ గదిలో కూర్చోబెట్టి మళ్ళీ మొదటి నుంచి నేర్పడం, ఇదే నా ఉద్యోగం. నేను చేరేనాటికి రెండోది నడుస్తోంది. వెళ్ళిపోతున్న ఈ వేళకు ఎనిమిదోది వచ్చింది. మా అమ్మాయి మూడో ఎడిషన్‌లో పుట్టింది, ఆరో ఎడిషన్‌లో హైస్కూల్లో చేరింది. మా ఆయన నాలుగోదాంట్లో ఉద్యోగం మానేసి, అయిదోదాంట్లో బుద్ధిగా అదే ఉద్యోగానికి తిరిగొచ్చాడు. నవ్వకు కెవిన్, నిజమే కదా! (నవ్వులు)

కొత్తది వచ్చిన రోజు పాతదానికి టీ పార్టీ ఇవ్వడం మనకు ఆనవాయితీ. లామింగ్టన్ కేకులు తెప్పించి, పాత ప్రతి మీద అందరం సంతకాలు పెట్టి, దానికి ఆఫీసులోనే వేరే ఉద్యోగం చూసేవాళ్ళం. రెండోది ఫోటోకాపీ యంత్రం కాలి కింద చేరింది. మూడోది టీ గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పడుకుంది. ఆరోది బాగా లావు కదా, కాళ్ళు నేలకు ఆనవని మన నైరీ దాన్ని కాలిపీట చేసుకుంది. ఆ ఆరోదాంట్లోనే 'టైమ్' అన్న మాట తీసేసి 'షెడ్యూల్' అన్నారు, అప్పటి నుంచి మన ఆలస్యాలన్నీ కొత్త పేరుతో జరిగాయి. పాపం మన హ్యూ, దాంట్లోని నలభై తొమ్మిది ప్రక్రియలూ భోజనం మానేసి బట్టీ పట్టాడు. తీరా ఏడోది బక్కగా, పన్నెండు సూత్రాలతో వచ్చి కూర్చుంది. ఆ రోజు హ్యూ ముఖం నేను మరిచిపోలేను. "మరి నేను బట్టీ పట్టినదంతా ఏ సముద్రంలో కలపమంటావు పుస్తకం?" అన్నాడు. (నవ్వులు) ఆ పాఠాల గదిలో మనమంతా చదువుకునే పిల్లల్లా ఉండేవాళ్ళం.

ఆ గదిలో చివరి వరసలో, కిటికీ పక్కన ఎప్పుడూ ఒకే మనిషి కూర్చునేవాడు. క్లెమ్ రాడ్‌ఫర్డ్. అదిగో, ఇవాళ కూడా చివరి వరసే, భార్య చేసిన 'స్కాలప్ పై' పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. ఎవరికైనా ఇవ్వొచ్చు కదా క్లెమ్? (నవ్వులు) సముద్రంలో స్తంభాలు దింపడంలో ఈ తీరం మొత్తం మీద అంతటి ఫోర్‌మన్ లేడు. కానీ మీలో చాలామందికి అతను సరుకుల గోదాములో తాళాలు చూసుకున్న మనిషిగానే తెలుసు. అయిదోది వచ్చినప్పుడూ, ఆరోది వచ్చినప్పుడూ, ఏడోది వచ్చినప్పుడూ నా పాఠమంతా ఓపిగ్గా విని, ఆఖర్న చెయ్యెత్తి ఒకే ప్రశ్న వేసేవాడు.

"అంతా బాగుంది గానీ అమ్మాయ్, ఆ గడి తిరిగొచ్చిందా?"

నేను రాలేదనేదాన్ని. "సర్లే, ఈసారికి పోనీ" అని టోపీ పెట్టుకుని వెళ్ళిపోయేవాడు. అదేదో పాత జోకు అనుకుని మీరంతా నవ్వేవారు. నేను కూడా మీతో నవ్వాను. అది జోకు కాదు.

(కొంచెం మంచినీళ్ళు ఇస్తావా నైరీ?)

మూడోది నడిచే రోజుల్లో పనిలో రాగల ముప్పులు రాసుకునే మన రిస్కుల పట్టికలో చివరన 'ఎవరు చెప్పారు' అని ఒక గడి ఉండేది. అది పుస్తకం పెట్టినది కాదు, మనవాళ్ళు ఎప్పుడో సొంతంగా గీసుకున్నది. కారిగన్ జెట్టీ పని మొదలయ్యే ముందు ఒక ఉదయం క్లెమ్ తడి బూట్లతో నా గదిలోకి వచ్చి, తివాచీ అంతా బురద చేసి, "దక్షిణం కొసన అడుగున ఉన్నది బండ కాదు అమ్మాయ్, బురద మీద కూర్చున్న రాళ్ళు. దిగే స్తంభం ఆగితే బండ తగిలిందని నమ్మి మోసపోతాం. రాసుకో" అన్నాడు. రాసుకున్నాను. పక్కన అతని పేరూ రాశాను.

తరవాత నాలుగో ఎడిషన్ వచ్చింది. ఫారాలన్నీ కొత్త వరసలోకి మార్చాను. ఆ చివరి గడి పేజీలో ఇమడలేదు. పుస్తకం దాన్ని తీసేయమని ఎక్కడా అనలేదు. పేజీ చూడముచ్చటగా ఉండాలని నేనే తీసేశాను. క్లెమ్ చెప్పిన మాటను కుదించి, 'సముద్రపు అడుగు: అనిశ్చితం' అని మూడు మాటల్లో పెట్టేశాను. పని మొదలుపెట్టిన కొత్త ఇంజనీరు దాన్ని చదివాడు, అడుగుదామంటే ఎవరిని అడగాలో అక్కడ లేదు, పేజీ తిప్పేశాడు.

ఆగస్టులో పడమటి గాలికి జెట్టీ దక్షిణం కొస మూడు స్తంభాలతో సహా ఒరిగింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. ఆ జెట్టీయే దిక్కైన ద్వీపానికి ఏడు నెలలు పడవ లేదు. విచారణకు వచ్చినవాళ్ళు ఫోర్‌మన్‌ను నిలబెట్టి, "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నారు. "చెప్పాను" అన్నాడు. "ఎక్కడ రాసి ఉంది?" అన్నారు. క్లెమ్ నా వైపు చూశాడు.

నేను అక్కడే ఉన్నాను. నాకు గుర్తుంది, తివాచీ మీద బురద కూడా గుర్తుంది. పాత ఫారాలు చింపేయాలన్న నియమం ప్రకారం చింపేశాను, చేతిలో కాగితం లేదు. కాగితం లేకపోతే ఏముంది, నోరుంది కదా? ఆ నోరు నేను విప్పలేదు. నా కొత్త ఫారాలకు అది మొదటి ఏడాది. చేసిన పని తప్పని అందరి ముందూ ఒప్పుకోవడానికి భయపడ్డాను. క్లెమ్‌ను గోదాముకు పంపారు. పన్నెండేళ్ళు తాళాలు తీశాడు, వేశాడు. ఒక్కసారి కూడా నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ ఒక్క ప్రశ్న తప్ప.

పోయిన నెల నా గది ఖాళీ చేస్తూ, టీ గది తలుపుకు అడ్డం పెట్టిన మూడో ఎడిషన్‌ను ఇంటికి తీసుకెళదామని ఎత్తాను. రిస్కుల పాఠం దగ్గర గుర్తు కోసం మడిచి పెట్టుకున్న కాగితం జారిపడింది. కారిగన్ జెట్టీ పట్టికలో నాలుగో పేజీ. నేను చింపకుండా మిగిలిపోయింది అదొక్కటే. అది దొరక్కపోయినా ఈ మాట ఇవాళ చెప్పేదాన్నా అంటే, చెప్పేదాన్నని ప్రమాణం చేయలేను. అంత మంచిదాన్ని కాను.

చదువుతున్నాను. "మే పన్నెండు. దక్షిణం కొసన అడుగు బండ కాదు, బురద మీద రాళ్ళు. స్తంభాలు నిలవవు. ఎవరు చెప్పారు: క్లెమ్ రాడ్‌ఫర్డ్, ఫోర్‌మన్."



గ్రేటాకు నిన్ననే చూపించాను. విచారణ నివేదికలో ఈ పేజీ చేరుతుంది, దాని పక్కన నా సంతకంతో నా తప్పూ చేరుతుంది. ఎనిమిదో ఎడిషన్ కోసం నేను మార్చిన ఫారాలు సోమవారం నుంచి మీ చేతికి వస్తాయి. పేజీ కొంచెం ఇరుకుగా ఉంటుంది, అక్షరాలు చిన్నవయ్యాయి, తిట్టుకోండి. రేపు తొమ్మిదోది వస్తుంది, పదోది వస్తుంది, పేర్లు మారతాయి, వరసలు మారతాయి, మారాలి కూడా. నా కుర్చీలోకి వచ్చేది మన నైరీ. చూడముచ్చటగా ఉండాలని మాత్రం దేన్నీ తీసేయకు తల్లీ.

ఇన్నేళ్ళు నన్ను భరించిన మీకందరికీ, ఇంటిని ఒంటి చేత్తో నడిపిన కెవిన్‌కూ నా కృతజ్ఞతలు. ఇంక మైకు వదిలేస్తాను. ఏం క్లెమ్, చెయ్యెత్తావు? ఇప్పుడు కూడానా? (నవ్వులు) లేచి నిలబడి అడుగు, అందరికీ వినపడాలి.

"ఆ గడి తిరిగొచ్చిందా అమ్మాయ్?"

వచ్చింది క్లెమ్. కొత్త పట్టికలో మొదటి వరసలో నీ పేరే ఉంది.

సెలవు.