పొక్కు చెప్పిన సంగతి

1962 వేసవి. ఒళ్లంతా పొక్కులు లేచాయని నూజివీడు మామిడితోట పాకలో వేరుగా ఉంచిన బావని చూడడానికి డాక్టరైన మరదలు రెండోసారి వచ్చింది.

“దూరంగా ఉండు పిల్లా! పెద్దమ్మవారు. నేను పోతున్నాను.”

“మీరెక్కడికీ పోవడం లేదు బావా. మీకొచ్చింది మశూచి కాదు, ఆటలమ్మ.”

“పూజారే తేల్చలేకపోయాడు. నీకెవరు చెప్పారు?”

“మీ పొక్కే చెప్పింది. నిన్న దాని అడుగు గీరి తీసుకెళ్లానుగా, రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. కణం మధ్యలో కేంద్రకం ఉంటుంది, పెత్తనమంతా దానిదే. ఆటలమ్మ వైరస్ తిన్నగా అందులోకే దూరి, తన ప్రోటీన్లతో దాన్ని చెడగొడుతుంది. మీ కణాలు ఒకదాంతో ఒకటి కలిసిపోయి, ఒక్కోదాంట్లో ఐదారు కేంద్రకాలు ఉబ్బిపోయి కనిపించాయి. మశూచి అయితే కేంద్రకం బయటే కాపురం పెడుతుంది.”

“అంటే మన తోట కౌలుకి తీసుకున్నవాడి బాపతా?”

“వాడు నయం. మీ కాయలు కోసుకుపోతాడు, అంతే. ఇది మీ చెట్టుచేత తన కాయలు కాయిస్తుంది.”

“మరి చెట్టు?”

“చెట్టు చస్తుంది, తోట బతుకుతుంది. పది రోజుల్లో లేచి తిరుగుతారు.”

“నిజంగా?”

“ఒట్టు. అయ్యో, ఏడవకండి, పొక్కులు మండుతాయి.”

“ఏడుపు అందుక్కాదే. ఎలాగూ చస్తున్నానని పొద్దున మీ అక్కకి అంతా చెప్పేశాను.”

“ఏం చెప్పారు?”

“నేను బీయే పాసవలేదని. పెళ్లిచూపుల్లో చూపించిన సర్టిఫికెట్టు మా అన్నయ్యదని.”

“అక్కేమంది?”

“కంచె అవతల నించుని, ‘ముందు బతకండి, తర్వాత చెప్తాను’ అంది.”