గోడ మీద ఎర్రచుక్కల గీత

1990 జూన్ పదకొండున, భీమవరం దగ్గరి మా ఏరియేటర్ల కర్మాగారంలో ఇంజనీరుగా చేరిన శ్రీ సుబ్బరామరాజు గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పరీక్ష చెరువు కనిపెట్టుకుని ఉండే నాకు వారి గురించి నాలుగు మాటలు రాసే భాగ్యం కలిగింది.

తెల్లవారుజామున రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గుతుంది. ఆ వేళ నీళ్లు చిలికే తెడ్ల యంత్రం, అదే ఏరియేటర్, ఆగిందంటే రైతు పంటంతా గట్టుకు తేలుతుంది. అందుకే వారు కొత్త యంత్రాన్ని ముందు మా చెరువులో తిప్పేవారు. ఆగిన ప్రతిసారీ, అంతవరకు ఆగకుండా ఎంతసేపు తిరిగిందో అంత ఎత్తున షెడ్డు గోడ మీద ఎర్రచుక్క పెట్టి, లోపం వెతికి, సరిచేసి, మళ్లీ తిప్పేవారు. లోపాలు తీరేకొద్దీ చుక్కల గీత పైకి పాకేది. రైతుకు ఎప్పుడివ్వవచ్చో అదే చెప్పేది. మంచులో తెడ్ల చప్పుడు వింటూ ఆ గీత వంక చూస్తుంటే, చెరువు నిద్రలో ఊపిరి పీలుస్తున్నట్టుండేది. నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటాక వచ్చాయి. అంతకుముందు నేను చదవగలిగింది ఆ గీత ఒక్కటే.

తొంభై అయిదులో కొత్త యంత్రం గీత ఒక్కసారిగా లేచింది. యజమాని సత్యప్రసాద్ గారు సంబరపడి, సీజనుకే అమ్మేద్దామన్నారు. రాజు గారు మాత్రం పంచె ఎగ్గట్టి చెరువులో దిగారు.

"తెడ్లు పైకి లేపిందెవర్రా?"

మెకానిక్ చిట్టియ్య తల గోక్కున్నాడు. "నేనేనండి. బరువు తగ్గితే ఆగదు కదండీ. గీత పైకెళ్తే తమరు నవ్వుతారనీ..."

"నా మీద నీకు ప్రేముందిరా. ఆ సంగతి రొయ్యకి తెలీదు కదరా!"

అందరం నవ్వాం. వారూ నవ్వుతూనే తడిగుడ్డతో ఆ చుక్కలన్నీ తుడిచేశారు.

"సీజను పోద్దండి, రాజు గారూ!" అన్నారు యజమాని.

"మనకి పోయేది సీజనేనండి. రైతుకైతే చెరువండి."

తెడ్లు పూర్తిగా దించిన మర్నాడే యంత్రం ఆగింది. గేరుపెట్టెలోకి నీళ్లు దిగుతున్నాయి. ఆ ఏడు అమ్మకం మానుకుని, చిట్టియ్యను పక్కన కూర్చోబెట్టుకుని వారు ఆ లోపం సరిచేశారు. మరుసటేడు అవే యంత్రాలు మొగల్తూరు వైపు చెరువులకు వెళ్లాయి. అక్కడి రైతులు తెల్లవార్లూ గట్టు మీద కాపు కాయడం మాని, నిశ్చింతగా నిద్రపోయారు. తరువాత రాజు గారు మేనేజరయ్యారు. ఎర్రరంగు డబ్బా మాత్రం ఎవరికీ అప్పగించలేదు.

సన్మాన సభకు చప్పుడు అడ్డమని పరీక్ష యంత్రాన్ని కాసేపు ఆపుదామంటే, "నా దండ కోసం ఆపుతారేంటండీ? తిరగనివ్వండి!" అన్నారు. కనుక ఆ రోజు తెడ్ల చప్పుడు మధ్యనే మాట్లాడుకుందాం.

రాజు గారూ, వయసన్నాక చిన్నచిన్న నలతలు రాకపోవు. వచ్చినా ఒకదానికీ ఇంకొకదానికీ ఎడం పెరుగుతూ, శ్రీమతి సుబ్బాయమ్మ గారి తోడుతో మీ గీత మా షెడ్డు గోడ దాటి, చెరువు మీద తెల్లవారే ఆకాశంలోకి సాగిపోవాలి.