పండవెట్టిన మిల్లు

రామ్‌దాస్ నోరు తెరిస్తే చేతిలో చాయ్ చల్లారాల్సిందే. బోధన్ అవతల మా చక్కెర మిల్లు మూతపడి ఏళ్లవుతున్నా, చెరుకు బండ్లు తూచే కాంటా ఆఫీసులో కంప్యూటర్ నడిపిన దర్జా ఆయనకింకా పోలేదు. ఆ పొద్దున మబ్బు కమ్మి చలి పెడుతోంది. ఈసారి చెరుకు పెట్టాలా, వరి వేయాలా అన్నది తేలక నర్సన్న హన్మవ్వ హోటల్ బెంచీ మీద దిగులుగా కూర్చున్నాడు. పక్కన తల వంచుకుని లింగం. మిల్లులో ఫిట్టర్‌గా చేసినవాడు.

"మిల్లు సంగతి నన్నడుగు నర్సన్నా!" అని అందుకున్నాడు రామ్‌దాస్. "కంప్యూటర్ల హార్డ్ డిస్క్ అని ఉంటది, లెక్కలన్ని దాచే డబ్బా. అండ్ల పళ్లాలు గిర్రగిర్ర తిరుగుతనే ఉంటయి, పని ఉన్నా లేకున్నా. కరెంటు దండుగ గాదా? పది నిమిషాలు ఎవ్వలు ముట్టకుంటే పళ్లాలాగి పండుకోవాలె, పిలువంగనే లేవాలె అని సెట్టింగ్ పెట్టిన."

"గది అందరు పెడ్తరట," అంది హన్మవ్వ.

"అందరి డిస్కు పండుకుంటది అవ్వా, నాది గుర్క కొట్టింది! ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? మీటర్ ఆగింది. ఆగి ఎన్కకు తిరిగింది. మిగిలిన కరెంటు తీగలల్ల పట్టక బజార్ల లైట్లెలిగినయి, ఆడికెళ్లి బోధన్ మొత్తం పట్టపగలు ఎలిగింది. కరెంటోళ్లు ఉరికొచ్చి, 'సారూ, జెర డిస్కును లేపుండ్రి, నిజాంసాగర్ టర్బైన్లకు పని లేకుంటైంది' అని కాళ్లు మొక్కిండ్రు."

"మొక్కిండ్రా?" అంది హన్మవ్వ.

"చెప్పులిడిచి మొక్కిండ్రు! గప్పుడనుకున్న, డబ్బా పండుకుంటెనే గింత మిగిల్తే, మిల్లుకు మిల్లే పండుకుంటే? ఒక్క మీట నొక్కిన. క్రషర్ పండుకున్నది, బాయిలర్ పండుకున్నది, పొగగొట్టం ఆవులిచ్చి పండుకున్నది. మిల్లు మూతపడ్డదని మీరంటరు. మూతేంది? నేను పండవెట్టిన! ఢిల్లీ దాక గా కరెంటే పోతున్నది."

నర్సన్న నవ్వలేదు. "లేస్తదా మరి అన్నా?" అన్నాడు. "ఇత్తనం చెరుకు బండి మీదనే ఉన్నది. నువ్వు లేస్తదంటే ఇయ్యాలనే పెడ్త."

రామ్‌దాస్ ఒక్క క్షణం తడబడ్డాడు. కానీ ఆ నోరు ఊరుకుంటుందా? "ఎందుకు లేవది! అచ్చే సీజన్‌కు నేను ఏలు ఆనిస్తే సాలు. పెట్టు నర్సన్నా, ఉన్న భూమంత పెట్టు!"

అప్పుడు లింగం తలెత్తాడు.

"అన్నా, చెరుకు పిండే రోలర్లను నిన్న కోసిండ్రు."

"ఎవడ్రా కోసింది?"

"నేనే. తుక్కు సేటు కూలికి పిలిస్తే పోయిన. నేను బిగిచ్చిన బోల్టులే, గ్యాస్ కట్టర్ వట్టి నా చేతులతోని కోసిన. లారీకెత్తిచ్చిన."

హన్మవ్వ పొయ్యి మంట తగ్గించింది. రామ్‌దాస్ కళ్లు మిల్లు గేటు వైపు తిరిగాయి. ఇంతసేపూ మాకు కోసిన కోతలను అందరికంటే గట్టిగా నమ్మింది ఆయనేనని అప్పుడర్థమైంది.

"అన్నీనా?" అన్నాడు మెల్లగా.

"అన్నీ," అని లింగం నర్సన్న వైపు తిరిగాడు. "వరి ఎయ్యి నర్సన్నా."