మూడు ఫొటోల్లోనూ రాజు తలే

(పాత నాణేలు కొని అమ్మే చిన్న కొట్టు. మధ్యాహ్నం వేళ. బల్లకు అటు వైపు కొట్టు యజమాని, ఇటు వైపు ఫోను పట్టుకుని వచ్చిన తాపీమేస్త్రి భార్య.)

“ఇది ఫొటోనా అమ్మా? పొగమంచులో నిమ్మకాయ పెట్టినట్టుంది.”

“ఇంకో రెండున్నాయండీ. వేలితో పక్కకి తోయండి.”

“తోశా. ఇదీ అంతే. దగ్గర పెట్టి ఫ్లాష్ కొట్టారు, మధ్యలో తెల్ల మచ్చ తప్ప ఏం లేదు. అసలు ఈ అద్దం మీద పిండి ఏంటి?”

“అయ్యో, ఇలా ఇవ్వండి తుడుస్తా. పిండి కాదండీ, సున్నం. నిన్న బస్తా మోశాను. ఎంత కడిగినా చేతులకి పోవట్లేదు.”

“చేతులు పగిలాయి కూడా. నూనె రాయండి.”

“రాస్తాలెండి. మా తమ్ముడు తెమ్మన్నాడు. పని దగ్గర ఎలుక చచ్చిందంట, ఒకటే వాసన. కూలీలెవరూ లేరు, ఒక్కడే పడుతున్నాడు, నేనే తీసుకెళ్లి ఇచ్చొచ్చా. ఇదిగోండి, ఇప్పుడు చూడండి. కనపడుతోందా?”

“కనపడుతోంది. మచ్చ ఇంకా బాగా కనపడుతోంది.”

“మూడోది చూడండి. అందులో వేళ్లు కూడా పడ్డాయి.”

“ఎవరమ్మా తీసింది? కళ్లు మూసుకుని తీశారా?”

“మా ఆయన. తాపీపని చేస్తాడు. గోడ కడితే దారం పట్టినట్టుంటుంది. ఫోను చేతికిస్తే మాత్రం ఇదీ వరస. మా పాపని తీస్తే చెప్పులొక్కటే పడతాయి. మా అత్తని ఒకసారి తీశాడు. ఆవిడ పోయాక గోడకి పెట్టుకుందామని చూస్తే తల లేదు.”

“నవ్వించకు తల్లీ, చెయ్యి కదులుతోంది... ఊఁ. ఈ వేలు ఆయనదేనా?”

“కాదండీ, అది మా తమ్ముడిది. పట్టుకుంది వాడు, తీసింది ఈయన. ఇద్దరూ కలిసి ఒక పాత ఇల్లు పడగొట్టే పని ఒప్పుకున్నారు. వెనక గది గోడలో గూడు బయటపడింది. అందులో తుప్పు పట్టిన డబ్బీ, డబ్బీలో ఇది. తీసిన వెంటనే ఈయన నాకు పంపాడు... ఏంటండీ, ఆగిపోయారు?”

“ఏం లేదు. వేలు చూస్తున్నా.”

“నాణెం చూడమంటే వేలు చూస్తారేంటి?”

“ఫొటో బాగోలేనప్పుడు ముందు వేలే చూడాలి. మగాడి బొటనవేలి గోరు ఎంతుంటుందో నాకు తెలుసు. దాని పక్కన పెట్టి కొలిస్తే నాణెం ఎంతుందో తెలిసిపోతుంది. ఈ గోరు... నల్లగా ఉందేంటి?”

“సుత్తి దెబ్బ. రెండు నెలలైంది. సగం ఊడింది, సగం అలాగే ఉంది, కత్తిరించుకోరా అంటే వినడు. గోరు సంగతి వదిలేయండి. బంగారమా కాదా చెప్పండి.”

“ఇత్తడి.”

“ఏంటీ?”

“ఇత్తడి అమ్మా. ఇలాంటివి పోత పోసి అమ్ముతుంటారు. ఫోను తీసుకో.”

“మీరు భూతద్దం కూడా పెట్టలేదు.”

“ముప్పై ఏళ్లుగా ఇదే పని. అన్నిటికీ భూతద్దం అక్కర్లేదు.”

“ఇందాక మచ్చ తప్ప ఏం కనపడట్లేదన్నారు. ఇంతలోనే ఇత్తడని ఎలా తెలిసింది?”

“అమ్మా, నాకు పనుంది.”

“ఇత్తడైతే మరి ఎందుకు పోయాడండీ?”

“ఎవరు?”

“మా ఆయన. పన్నెండు రోజులైంది. గురువారం పొద్దున పనికి వెళ్లాడు. సాయంత్రం తమ్ముడు ఒక్కడే వచ్చాడు. అక్కా, బావ ఆ నాణెం జేబులో వేసుకుని ఉడాయించాడు, నన్ను కూడా ముంచాడు అన్నాడు. ఫోను కలవదు.”

“స్టేషన్‌లో చెప్పారా?”

“వెళ్దామంటే తమ్ముడే ఆపాడు. దొరికిన బంగారం దాచుకోవడం నేరం, బావకే జైలు అన్నాడు.”

“పోనీలే అమ్మా. మగాళ్లు పోతుంటారు, వస్తుంటారు.”

“నేను చెప్పేది వినండి. బంగారమైతే పోయాడు. పోతే ఎక్కడో ఉన్నాడు. తింటున్నాడు, పడుకుంటున్నాడు. ఎవతినో పక్కన పెట్టుకున్నాడనుకోండి, పెట్టుకోనివ్వండి. ఉన్నాడు కదా. ఇత్తడైతే? ఇత్తడి బిళ్ల కోసం కన్న కూతుర్ని వదిలేసి ఎవడైనా పోతాడా? కొత్త తాపీ కొనుక్కున్నాడండీ, అది ఇంకా కాగితంలోనే ఉంది. ఇత్తడైతే ఆయన పోలేదు. పోకపోతే మరి ఇంటికెందుకు రాలేదు? పన్నెండు రోజులుగా ఇదే నా బుర్రలో తిరుగుతోంది. నాకు ధర వద్దు. నాణెం నా దగ్గర లేనే లేదు. బంగారమా కాదా, ఆ ఒక్క మాట చాలు.”

“...ఫోను మోగుతోంది.”

“తమ్ముడే. దీనికి స్పీకరొక్కటే పనిచేస్తుంది, మీరు మాట్లాడకండి. ఆ, చెప్పరా.”

“అక్కా, ఎక్కడున్నావు? ఇంటికి తాళం ఉందంటున్నారు.”

“మందుల షాపుకొచ్చా. పాపకి జలుబు.”

“ఆ ఫొటోలు తీసేశావా?”

“తీసేస్తాలేరా.”

“తీసేస్తా కాదు, తీసెయ్. ఎవరి కంటైనా పడితే బావనే పట్టుకుపోతారు. నీ మంచికే చెప్తున్నా.”

“సరేరా. అన్నం తిన్నావా?”

“ఎక్కడ? వెనక గదిలో మట్టి చదును చేస్తున్నా. నువ్వు మాత్రం ఈ గది వైపు రాకు. గోడ ఊగుతోంది, మీద పడుద్ది.”

“సరేలే, ఉంటా... విన్నారుగా. తిండి కూడా మానేసి చేస్తున్నాడు. బావ పారిపోయాడన్న కోపం ఉన్నా ఒప్పుకున్న పని మాత్రం వదల్లేదు. మా అమ్మ పోయేసరికి వాడికి నాలుగేళ్లు. నేనే పెంచాను.”

“కూర్చో అమ్మా. ఈ నీళ్లు తాగు.”

“వద్దండీ.”

“తాగు. ఇందాక నేను సరిగా చూడలేదు. ఇలా ఇవ్వు ఫోను... బంగారమే.”

“ఏమన్నారు?”

“బంగారమే. మేలిమి బంగారం.”

“నా ఏడుపు చూసి చెప్తున్నారా?”

“లేదు.”

“అప్పుడు ఇత్తడన్నారు, ఇప్పుడు బంగారమంటున్నారు. జాలిపడి చెప్పే మాట నాకొద్దు. అలాంటివి మా వీధిలో చాలామంది చెప్పారు.”

“నాణెం దగ్గర నేను జాలిపడనమ్మా. ఇటు చూడు. ఇత్తడైతే ఫ్లాష్ మచ్చ చుట్టూ ఆకుపచ్చ ఛాయ తేలుతుంది. ఇది అంచు దాకా ఒకటే పసుపు. అక్షరాల సందుల్లో నల్లగా ఉంది చూశావా, అది నిన్నామొన్నటి మురికి కాదు, వందల ఏళ్లది. కొత్తగా పోతపోసిన దానికి అది పట్టదు. రాజు ముక్కు ఎక్కడా అరగలేదు. వెనక వైపు గుర్రం ముందు కాలు కాస్త అరిగింది గానీ, దాని వల్ల పెద్దగా ధర పడిపోదు. ఈ రకం నా జన్మలో ఇంకోటి చూడలేదు. అమ్ముకుంటే మంచి ఇల్లు వస్తుంది.”

“ఇల్లా!”

“ఇల్లే. పెరడుతో సహా.”

“అయితే పోయాడు. దొంగ సచ్చినోడు, నిజంగానే పోయాడు.”

“ఏడవకమ్మా.”

“ఏడుపు కాదండీ, నవ్వొస్తోంది. ఉన్నాడు! ఇల్లొచ్చేంత బంగారం జేబులో పెట్టుకుని చొక్కా మాసిపోయి ఏ బస్టాండులోనో కూర్చునుంటాడు. అమ్ముకోవడం కూడా చేతకాదు ఆయనకి. రానివ్వండి, గుమ్మంలోనే కాళ్లు విరగ్గొడతా. విరగ్గొట్టి లోపలికి నేనే మోసుకెళ్తా... ఏమన్నారు ఇందాక? గుర్రమా?”

“ఊఁ?”

“వెనక గుర్రం ఉందన్నారు.”

“ఈ రకం వాటికి వెనక గుర్రమే ఉంటుంది.”

“కాలు అరిగిందన్నారు. ముందు కాలు.”

“అదీ... మామూలుగా అక్కడే అరుగుతుంది.”

“ఈ ఫొటోలు నేను పన్నెండు రోజులుగా చూస్తున్నానండీ. మూడిట్లోనూ రాజు తలే ఉంది. ఆయన వెనక వైపు తియ్యనే లేదు.”

“వెలుతురు చాల్లేదమ్మా, ఇంకోసారి చూస్తా.”

“ఈ రకం జన్మలో ఇంకోటి చూడలేదన్నారు. అంటే దీన్ని చూశారా?”

“భోజనం వేళైందమ్మా, కొట్టు కట్టెయ్యాలి.”

“చూశారు. మీ దగ్గరికి తెచ్చారు. అందుకే ఇత్తడన్నారు. ఎవరికీ చెప్పను, మీ మీద ఒట్టు. ఆయనేనా? ఆయనే అయితే నాకేం కోపం లేదు. ఎలా ఉన్నాడు? బాగా చిక్కిపోయాడా?”

“లోపల పెట్టెలో ఉందమ్మా. నేనే కొన్నాను. శుక్రవారం పొద్దున. షట్టర్ ఎత్తకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు.”

“శుక్రవారమా? ఆయన రాని మర్నాడే?”

“బేరమాడలేదు. నేనెంతంటే అంతకిచ్చాడు. ఆ పూటే అనుమానం రావాలి. వచ్చింది. వచ్చినా కొన్నాను. ఇత్తడని నిన్ను పంపేద్దామనుకుంది కూడా అందుకే.”

“అవన్నీ నాకెందుకండీ. ఎలా ఉన్నాడో చెప్పమంటున్నా.”

“ఆ మూడో ఫొటో మళ్లీ తియ్యి.”

“ఎందుకు?”

“తెచ్చినవాడు నాణెం ఈ బల్ల మీద పెట్టాడు. పెట్టి, చాలాసేపు వేలు తియ్యలేదు. నాకు అలవాటు కదా, ఆ వేలే చూశాను. గోరు సగమే ఉంది. ఉన్న సగం నల్లగా ఉంది.”

“...సుత్తి దెబ్బ చాలామందికి తగులుతుందండీ.”

“తగులుతుంది.”

“ఈ పని చేసే వాళ్లందరికీ తగులుతుంది. మా ఆయనకీ ఎప్పుడో తగిలే ఉంటుంది.”

“ఊఁ. ఆ ఊడినచోట వంకర చూడమ్మా. మీ ఇంటి పిల్లాడి చెయ్యి, నాకన్నా నీకే బాగా తెలుస్తుంది.”

“బావ పట్టుకుపోయాడన్నాడు.”

“అన్నాడేమో.”

“పట్టుకుపోతే మర్నాటికి వీడి చేతికెలా వచ్చింది? చెప్పండి. అంతా తెలుసుగా మీకు, వేలు చూసి చెప్తారుగా. చెప్పండి!”

“నాకు నాణేల సంగతే తెలుసమ్మా.”

“...మళ్లీ మోగుతోంది.”

“ఎత్తకు. ఆ నాణెం తీసుకుని నేనూ వస్తాను. నా మీదకి వచ్చినా సరే, ఇద్దరం ఇప్పుడే స్టేషన్‌కి వెళ్దాం. ఎత్తకమ్మా.”

“ఎత్తకపోతే అనుమానపడతాడండీ... ఆ, చెప్పరా.”

“అక్కా, ఇంకా మందుల షాపులోనేనా? వచ్చేటప్పుడు ఇంకో బస్తా సున్నం తెచ్చి వీధి గుమ్మంలో దించు. నిన్నటిది చాల్లేదు.”

“...”

“అక్కా? వినపడుతోందా?”

“వినపడుతోందిరా. ఒక్క ఎలుక చచ్చినదానికి ఎన్ని బస్తాలు పోస్తావురా, తమ్ముడూ?”