లడఖ్ దాకా

మాదన్నపేట, 1974 ఎండాకాలం. సైన్యంలో చేరిన కొడుకు యాకోబుకు దోస్తైన ఎల్లప్పను పిలిపించి ఇశ్రాయేలు వాకిట్లో కూర్చోబెట్టాడు.

"జమ్మూ దాకా రైలు. ఆడికెల్లి బస్సుల శ్రీనగర్. గది సమజైంది. తర్వాత గా కొండలన్ని ఎట్ల దాటాలె, ఎల్లప్పా?"

"కాకా, జర ఆలోచించున్రి. గంత ఎత్తుల ఊపిరాడదంట."

"మా యాకోబుకు ఆడ్తలేదా?"

"వాడంటే... పడుచోడు. మిలిట్రీల అలవాటు చేస్తరు."

"మాకు గూడ అలవాటైతది. మీ చిన్నమ్మ స్వెటర్లు అల్లింది. వానికని మామిడికాయ తొక్కు పెట్టింది."

"తొవ్వ బందుంటది, కాకా. మంచు."

"ఎండాకాలం తెరుస్తరంట. మా కార్ఖానల సర్దార్జీ చెప్పిండు. లారీలు పోతయంట."

"తెరిచినా... బయటోళ్లను రానియ్యరు."

"తండ్రి బయటోడా?"

"గట్ల కాదు..."

"మరెట్ల? మావోడు లడఖ్‌ల ఉన్నడని నువ్వే గద చెప్పినవ్. నీ మాట పట్టుకొని చర్చిల వాని పేరున ప్రార్థన చేపిచ్చినం."

"చెప్పిన, కాకా."

"కిందికెందుకు చూస్తున్నవ్?"

"ఏం లేదు. పోవద్దు, కాకా. చిన్నమ్మను అసలే తోల్కపోవద్దు. గంత దూరం పోయినంక వాడు వేరే తాన ఉంటే?"

"వేరే తానంటే?"

"బదిలీ గిట్ల..."

"మలక్‌పేటకా?"

"మలక్‌పేటేంది, కాకా?"

"దాయకు, ఎల్లప్పా. మొన్న గాడ రేసుకోర్సు ఎనుక మావోడు గుర్రాన్ని కడుగుతుండె. నన్ను చూసి గుర్రం చాటుకు పోయిండు."

"మాఫ్ చెయ్యి, కాకా. ట్రైనింగ్ నడిమిట్ల పారిపోయి వచ్చిండు. అందరు దండలేసి సాగనంపిన్రు, ఇప్పుడు మొకం ఎట్ల చూపియ్యాలె అని ఏడ్చిండు. నాతోని అబద్ధం చెప్పిచ్చిండు. మీ ఇంటికొచ్చి చాయ్ తాగిన ప్రతిసారి సిగ్గుతోని సచ్చిన."

"నీకొక్కనికేనా సిగ్గు? కన్నకొడుకు ఎదురుంగ ఉంటె పిలువలేదు నేను. చర్చిల ఏం చెప్పుకోవాలె అనుకుంట, మొకం తిప్పుకొని వచ్చిన. వాడు చూసిండు."

"చిన్నమ్మకు తెలుసా?"

"ఇంటికొచ్చి చెప్పిన. వాన్ని పిలువకుంట వచ్చిన్నని ఆమె నాతోని మాట్లాడుడే బంద్ చేసింది."

"మరన్ని తెలిసి, గీ లడఖ్ ముచ్చటేంది, కాకా?"

"నువ్వు పోయి వానికి చెప్తవని. మీ అమ్మ, నాయిన కొండలన్ని దాటి రానీకె తయారైన్రని చెప్పు. రేపు మలక్‌పేటకు వస్తున్నం, గుర్రం చాటుకు పోవద్దను. ఈసారి నేను గూడ మొకం తిప్పుకోను."